పెళ్లికి ముందు రోజు సంతకం

బేస్‌బాల్ ఆటగాడు బ్యారీ బాండ్స్, స్వీడన్ నుంచి వచ్చిన సన్ అనే యువతి 1988లో పెళ్లాడారు. ముందు రోజే ఒప్పందం మీద సంతకాలయ్యాయి: పెళ్లయ్యాక ఎవరి సంపాదన వారిదే. అతని తరఫున లాయర్లున్నారు, ఆమె తరఫున ఎవరూ లేరు.

అయినా ఆ ఒప్పందం చెల్లుతుందంది, వాళ్ల విడాకుల కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, 2000లో.

మరుసటి ఏడాదే అక్కడి శాసనసభ చట్టం మార్చింది. పత్రం చేతికిచ్చాక సంతకానికి కనీసం 7 రోజుల గడువుండాలి. భరణం వదులుకునే షరతు చెల్లాలంటే, వదులుకునేవారికి సొంత లాయరుండాలి. ఉన్నా సరే, విడాకుల నాటికి అది మరీ అన్యాయమనిపిస్తే కోర్టు పక్కన పెట్టేయొచ్చు. (శుభలేఖలు పంచేశాక పెట్టించే సంతకం ఇష్టపూర్వకమంటే నమ్మేదెవరు?)

కోర్టు ఖరారు చేసిన భరణమూ శిలాశాసనం కాదు. పరిస్థితులు మారితే దాన్ని మార్చడానికి, రద్దు చేయడానికి మన హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కూడా వీలిస్తుంది.

కాలిఫోర్నియా సంబంధం చూస్తున్న తెలుగువాళ్లూ, ముహూర్తం కంటే ముందు అమ్మాయికి వేరే లాయర్ని పెట్టండి.