మందు కాదట, బలం బిళ్ళట!

మా అత్తయ్యగారికి మందుల విషయంలో పట్టింపు ఎక్కువ. 12 ఏళ్ళ క్రితం గుండెలో వాల్వు మార్చారు. అప్పటి నుంచీ రక్తం గడ్డకట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాత్ర ఒక్క రాత్రి కూడా మానలేదు. అలాంటి మనిషి సంక్రాంతి తర్వాత మొదలుపెట్టిన ఒక సీసాని మాత్రం మందుల లెక్కలోకే తీసుకోలేదు.

అది మా వదిన అమెరికా నుంచి తెచ్చింది. వాళ్ళమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగడం వీడియో కాల్లో చూసి చూసి ఉండబట్టలేక తెచ్చింది పాపం. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిపిన బిళ్ళలు, ఒక్కొక్కటీ చిక్కుడు గింజంత. "అక్కడ అందరూ వాడతారమ్మా, ఇది మందు కాదు, సైడ్ ఎఫెక్టులేం ఉండవు" అని చెప్పి విమానం ఎక్కింది.

నెల తిరక్కుండానే పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం. ఎక్కడా తగలకుండానే మోచేతి దగ్గర కమిలిన మచ్చ. నెలనెలా చేయించే ఐఎన్ఆర్ పరీక్ష వారం ముందే చేయించాం. ఆవిడకి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని డాక్టరు గారు మొదటి నుంచీ చెబుతున్నారు. 5.1 వచ్చింది. ఆ అంకె పెరిగేకొద్దీ రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. అలాంటప్పుడు బాత్రూంలో కాలు జారితే, తలకి దెబ్బ తగిలితే... ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

"కొత్తగా ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అనడిగారు డాక్టరు గారు.

"లేదు నాయనా, ఏమీ లేదు."

నేను పక్కనుంచి "ఆ అమెరికా సీసా, అత్తయ్యగారూ" అన్నాను.

"అది మందెందుకవుతుందమ్మా? బలం బిళ్ళ!"

ఆయన కలం పక్కన పెట్టేశారు. వార్ఫరిన్ వాడేవాళ్ళు ఈ బిళ్ళలు వేసుకున్నాక ఐఎన్ఆర్ పెరిగిన కేసులు నమోదై ఉన్నాయట. దీనివల్లే పెరిగిందని నూటికి నూరుపాళ్ళు చెప్పలేను గానీ ముందు ఇది ఆపండి అన్నారు. వార్ఫరిన్ మోతాదు సరిచేశారు. పది రోజులకి 3.2కి దిగింది.

ఇంటికొచ్చి ఆ సీసా మీది చీమతలకాయంత అక్షరాలు చదివాను. ఆ గ్లూకోసమైన్ రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసింది! కాండ్రాయిటిన్ పశువుల మృదులాస్థి నుంచి! ఉల్లిపాయ కూడా పండగనాడు ముట్టని మా ఇంట్లో! చదివి వినిపిస్తే అత్తయ్యగారు "రామ రామ" అంటూ పెరట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చారు. నవ్వొచ్చింది గానీ, రొయ్యలు పడనివాళ్ళు ఉన్న ఇంట్లో ఇది నవ్వే విషయం కాదు. మామూలు వాళ్ళకి కూడా గుండెల్లో మంట, వికారం, విరేచనాలు రావచ్చు.

పోనీ నొప్పి తగ్గుతుందా అంటే, 2006లో అమెరికాలోనే 1583 మంది మోకాళ్ళ నొప్పుల వాళ్ళ మీద పరీక్ష చేశారు. మొత్తం మీద ఉత్తుత్తి బిళ్ళ కంటే పెద్ద తేడా లేదని తేలింది. అక్కడి కీళ్ళ వైద్యుల సంఘం 2019లో మోకాళ్ళ అరుగుదలకి గ్లూకోసమైన్ వద్దనే చెప్పింది. అందరూ వాడేదీ అక్కడే, వద్దన్నదీ అక్కడే.

మా పక్కింటి ఆంటీ పసుపు క్యాప్సూల్స్ వేసుకుంటారు. పసుపే కదా అంటారు. పప్పులో వేసే చిటికెడు పసుపు వేరు, మిరియాల సారం కలిపి ఒంటికి బాగా పట్టేలా చేసిన క్యాప్సూల్ వేరు. వాటితో లివర్ దెబ్బతిన్నవాళ్ళున్నారు. ఇక పేరూ ఊరూ లేని పొట్లాల్లో అమ్మే నొప్పుల పొడులంటే నాకు మరీ భయం. మూడు రోజుల్లో నొప్పి మాయమైతే సంబరపడకండి, అందులో స్టెరాయిడ్ కలిపారేమో అనుమానించండి. ముఖం ఉబ్బినా, షుగర్ పెరిగినా వెంటనే డాక్టరుకి చెప్పండి. మానేసేది కూడా ఆయన్నడిగే, స్టెరాయిడ్ చటుక్కున ఆపకూడదు. ఇప్పుడు నా ఫోన్లో అత్తయ్యగారు మింగేవన్నీ రాసి పెట్టుకున్నాను, కషాయాలతో సహా. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా అదే చూపిస్తాను.

వదినకి చెప్పడమే కష్టమైంది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి అమ్మ నొప్పికి ఏం చెయ్యమంటావు?" అంది. న్యాయమైన ప్రశ్నే. వార్ఫరిన్ వాడేవాళ్ళు మామూలు నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు వేసుకోకూడదు. పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే.

ఫిజియోథెరపీ అమ్మాయి తొడ కండరాలకి వ్యాయామం నేర్పింది. మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, కిందికి నొక్కి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. నేను చెయ్యమంటే "రేపు చూద్దాంలే" అంటారు అత్తయ్యగారు. అందుకని రోజూ రాత్రి ఎనిమిదింటికి, వాళ్ళకి తెల్లవారాక, వదినే వీడియోలో లెక్కపెడుతోంది. నిన్న మూడు దగ్గరే కాలు వదిలేశారు. "అమ్మా, దొంగాట!" అని అక్కడి నుంచి కేక.