రెండు చుక్కల తేడా

ఈ సంవత్సరపు సంచికకు ఏదో ఒకటి రాసి ఇవ్వమని సంఘం కార్యదర్శి గారు హాస్టలు గేటు దాకా వచ్చి అడిగినప్పుడు "నాకు కవిత్వం రాదండీ" అన్నాను. "కవిత్వం ఇచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా. సైన్సు వాళ్ళే ఎవరూ రాయడం లేదు. నీకు తెలిసిందే రాయి" అన్నారు. నాకు తెలిసింది కొంచెమే. ఆ కొంచెం ఎలా తెలిసిందో రాస్తున్నాను. ఇందులో వెన్నెల లేదు, యమునా తీరం లేదు. ఒక బ్యూరెట్టు, ఒక సెల్‌ఫోను, మా నాన్న మిరప తోట ఉన్నాయి. పాఠకులు మన్నించాలి.

మాది పల్నాడులో ఒక పల్లెటూరు. మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటిదాన్ని నేనే. ఇంటర్మీడియట్ చదివిన కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. అక్కడ "రసాయనశాస్త్ర ప్రయోగశాల" అని బోర్డు ఉన్న గది ఒకటి ఉండేది. రెండేళ్ళలో దాని తలుపు తీసి ఉండగా నేను చూసింది రెండే సార్లు. రికార్డులు మాత్రం అందరం నిండుగా రాశాం. ముందు బ్యాచి అక్కల రికార్డు దగ్గర పెట్టుకుని, బొమ్మలూ, రీడింగులూ, చివరికి వాళ్ళు కొట్టివేసిన అంకెతో సహా దింపాం. మార్కుల జాబితాలో ప్రాక్టికల్సుకు 30కి 30 పడ్డాయి. మా అమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక దాచింది.

డిగ్రీలో చేరిన ఏడాది దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాను. నాన్న మిరపకు మందు కొడుతున్నాడు. 2021లో మా ప్రాంతపు మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూత పూతంతా మాడిపోయింది. ఆ ఏటి అప్పు మా ఇంట్లో ఇంకా కూర్చునే ఉంది. అప్పటినుంచీ నాన్నకు పురుగు కనిపించకముందే భయం. డబ్బా మీద ఏమి రాసి ఉన్నా, "ఇంకో మూత" అనేవాడు.

ఆ రోజు 16 లీటర్ల ట్యాంకులో సగం మందు మిగిలింది. పైన నీళ్ళు పోసి నింపుకుంటూ నన్ను పిలిచాడు. "అమ్మాయ్, ఇప్పుడు మందు ఎంత ఏయమంటావే? నువ్వు కెమిస్ట్రీ గదా!"

లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు అని డబ్బా మీద ఉంది. నేను గబగబా లెక్క కట్టి, "ట్యాంకుకు 32 మిల్లీలీటర్లు, అంతే వెయ్యి నాన్నా" అన్నాను. చదువుకున్న కూతురు చెప్పిందని నాన్న మారుమాట లేకుండా అంతా పోశాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి తల తిరుగుతోందన్నాడు. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఆర్.ఎం.పీ. వచ్చి ఏదో ఇంజక్షన్ ఇచ్చి వెళ్ళాడు. మందు కొట్టినప్పుడు ఇలా అవుతూనే ఉంటుందని అమ్మ అంది. నేనూ అలాగే అనుకున్నాను.

సెలవుల తర్వాత మాకు మొదటి టైట్రేషన్. శంకు ఫ్లాస్కులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బ్యూరెట్టులో కాస్టిక్ సోడా, రెండు చుక్కల ఫినాఫ్తలీన్. బ్యూరెట్టును స్టాండుకు ఎలా బిగించాలో తెలియక ముందు పక్కమ్మాయిని చూశాను. తర్వాత మర తిప్పాను. సన్నగా రావలసింది ధారగా వచ్చి, లేత గులాబి రంగు రావలసిన చోట ముదురు రాణీ రంగు వచ్చి కూర్చుంది. మేడమ్ గారు ఫ్లాస్కు ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, "ఇంటర్లో ఎన్ని మార్కులమ్మా ప్రాక్టికల్సులో?" అని మెల్లగా అడిగారు. కోపంగా అడిగినా బాగుండేది. 30 అని చెప్పలేక తల వంచుకున్నాను.

ఆ రాత్రి హాస్టల్లో మా సీనియర్ అక్క తన ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి, "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని, ముందు ఇది చూడు" అంది. అమెరికాలో పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి కెమ్ కలెక్టివ్ అనే ఉచిత ప్రయోగశాల అది. ఎడమ పక్క సామాన్ల గది. అందులోంచి కావలసిన ద్రావణం, ఫ్లాస్కు, బ్యూరెట్టు తెచ్చి బల్ల మీద పెట్టుకోవచ్చు. కలిపిన కొద్దీ ఉష్ణోగ్రత ఎంతో, పీహెచ్ ఎంతో, ఏ అయాన్లు ఎంత ఉన్నాయో పక్కన కనిపిస్తుంది. పగిలేది లేదు, ఒలికేది లేదు, నవ్వేవాళ్ళు లేరు. ఆ రాత్రి అదే టైట్రేషన్ ఎన్నిసార్లు చేశానో లెక్కపెట్టలేదు.

అప్పుడు తెలిసింది నేను మర తిప్పి చేసిన తప్పు ఎంతటిదో. 0.1 మోలార్ ఆమ్లం 20 మిల్లీలీటర్లు తీసుకుని, అంతే గాఢత గల క్షారం పోస్తూ పోతే, మొదటి 19 మిల్లీలీటర్లకు పీహెచ్ 1 నుండి సుమారు 2.6 దాకా మాత్రమే కదులుతుంది. ఏమీ జరగడం లేదనిపిస్తుంది, విసుగొస్తుంది. కాని 19.95 దగ్గర సుమారు 4 ఉన్నది 20.05 దగ్గరకు వచ్చేసరికి సుమారు 10 అవుతుంది. ఈ మధ్య పడేది దాదాపు రెండు చుక్కలు! పందొమ్మిది మిల్లీలీటర్ల ఓపిక అంతా ఆ రెండు చుక్కల కోసమే. ఈ మాట పుస్తకంలో ఉంది. నేను చదివాను, పరీక్షలో రాశాను కూడా. కాని చూడలేదు.

తర్వాత నా ఫోనులోనే మరొకటి దొరికింది. పేరు ఫెట్. బౌల్డరులోని కొలరాడో విశ్వవిద్యాలయం వారిది. మన సత్యేంద్రనాథ్ బోసు పేరు కలిసిన బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్‌ను తయారుచేసినందుకు 2001లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి పంచుకున్న వారిలో ఒకరైన కార్ల్ వీమన్ గారు 2002లో దీన్ని మొదలుపెట్టారు. మొదట భౌతికశాస్త్రానికే అనుకున్నది, తర్వాత రసాయనశాస్త్రం, జీవశాస్త్రం, గణితం కూడా చేరాయి. ఎవరైనా వాడుకోవచ్చు, రుసుము లేదు. ఒకసారి దింపుకుంటే నెట్టు లేకపోయినా పనిచేస్తుంది.

అందులో గాఢత గురించిన బొమ్మ ఒకటి ఉంది. ఒక తొట్టి, పైన నీళ్ళ కుళాయి, కింద మరో కుళాయి, పొడి చల్లే డబ్బా, గాఢత చూపే మీటరు. మైలుతుత్తం చల్లితే నీలం రంగు చిక్కబడుతుంది. పై కుళాయి తిప్పితే రంగు పలచబడుతుంది, అంకె తగ్గుతుంది. నీటిని ఆవిరి చేస్తే అంకె పెరుగుతుంది. ఎక్కువ చల్లితే ఇక కరగక అడుగున మిగిలిపోతుంది. నేను ఆటగా కింది కుళాయి తిప్పాను. తొట్టి సగానికి దిగింది. అంకె కదలలేదు.

ఆ కదలని అంకె కేసి చూస్తూ కూర్చుండిపోయాను. నాన్న ట్యాంకు గుర్తొచ్చింది.

సగం ట్యాంకు మిగిలిందంటే అందులో ఏమీ లేదని కాదు. మిగిలిన 8 లీటర్లలో 16 మిల్లీలీటర్ల మందు ఉండనే ఉంది. కొత్తగా పోసిన 8 లీటర్ల నీటికి కావలసింది ఇంకో 16 మాత్రమే. నేను 32 వేయించాను. మొత్తం 48. లీటరుకు 2 ఉండవలసింది 3 అయింది. ఒకటిన్నర రెట్లు! ఎనిమిదో తరగతి పిల్లవాడు వేయగల లెక్క. 30కి 30 తెచ్చుకున్నదాన్ని నేను వేయలేకపోయాను. నాన్నకు ఆ రాత్రి వచ్చిన వాంతులు ఆ ఎక్కువ మందు వల్లనో, ఎదురుగాలికి కొట్టినందువల్లనో, ఉత్త చేతులతో కలిపినందువల్లనో నేను చెప్పలేను. చెప్పలేకపోవడమే నాకు ఎక్కువ బాధ.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం కంప్యూటరుకు హారతి ఇచ్చినట్టు అవుతుంది. తర్వాతి ప్రాక్టికల్ సంగతి కూడా చెప్పాలి. ఈసారి ధైర్యంగా వెళ్ళాను. చుక్క చుక్కగా పోశాను, లేత గులాబి రంగు వచ్చింది. పొంగిపోయాను. కాని మూడు రీడింగులూ మూడు రకాలుగా వచ్చాయి. తెర మీద ఎప్పుడూ అలా కాలేదు! మా ల్యాబు అటెండరు బాబాయి అటుగా వచ్చి, వంగి చూసి, "అమ్మా, మర కింద గాలి బుడగ ఉంది చూశావా? అది మధ్యలో బయటికి పోతే ఆ చోటు నీ రీడింగులో కలుస్తుంది" అన్నాడు. మర ఒక్కసారి పూర్తిగా తిప్పి బుడగను తరిమి, మళ్ళీ నింపి చూపించాడు. బ్యూరెట్టును ముందు ఆ ద్రావణంతోనే కడగాలనీ, కన్ను నీటి మట్టానికి సమానంగా ఉంచాలనీ ఆయనే చెప్పాడు. తెర మీది బ్యూరెట్టులో బుడగ ఉండదు. బాబాయికి తెలిసింది అందులో లేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళేటప్పుడు పండగ డబ్బులతో 50 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కొలజాడీ ఒకటీ, రబ్బరు చేతి తొడుగులూ కొన్నాను. తోటలో సిగ్నలు రాదు కాబట్టి ఆ బొమ్మను ముందే ఫోనులో దింపి పెట్టుకున్నాను. మోటారు షెడ్డు నీడలో నాన్నను కూర్చోబెట్టి కింది కుళాయి తిప్పి చూపించాను. దసరాకు నేను చెప్పిన లెక్క తప్పని చెప్పాను. చెబుతుంటే గొంతు పూడుకుపోయింది.

నాన్న కాసేపు ఫోను కేసే చూశాడు. "నువ్వు చెప్పకపోయినా నేను అంతే ఏసేవాణ్ణిలే" అన్నాడు. తర్వాత ఫోను తీసుకుని తనే కుళాయి తిప్పాడు, నీళ్ళు పోశాడు, పొడి చల్లాడు. చిన్నపిల్లాడిలా రెండు మూడుసార్లు చేశాడు. చివరికి, "అంతా బానే ఉంది గాని అమ్మాయ్, ఇందులో గాలి ఎటు తోలుద్దో లేదే!" అన్నాడు.

నేను నవ్వాను గాని, మా బాబాయి చెప్పిన బుడగా, నాన్న అడిగిన గాలీ ఒకటేనని తర్వాత అర్థమైంది. తెర మీద అక్కర్లేనివన్నీ తీసేస్తారు, అందుకే విషయం అంత తేటగా కనిపిస్తుంది. తీసేసినవన్నీ తోటలోనూ, ల్యాబులోనూ మన కోసం కాచుకుని ఉంటాయి. మొదటిది చూడకపోతే రెండోది అర్థం కాదు. మొదటిదే చాలనుకుంటే రెండోది మనల్ని దెబ్బ తీస్తుంది.

అందుకే పెద్దలకు ఒక మనవి. ఇటువంటివి ఇప్పుడు చాలా ఉన్నాయి. అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ వారు కలిసి తయారుచేసిన ఓల్యాబ్స్ 9 నుండి 12 తరగతుల పిల్లల కోసమే ఉంది. ఓపెన్‌స్టాక్స్ వారి కెమిస్ట్రీ పాఠ్యపుస్తకం మొత్తం ఉచితంగా చదువుకోవచ్చు. లెక్చరర్లు టైట్రేషనుకు ముందు రోజు తరగతిలో పది నిమిషాలు ఇవి చూపిస్తే నాలాంటివాళ్ళు మర్నాడు ఫ్లాస్కు ముందు తల వంచుకోనక్కర్లేదు. కాని "ఫోనులో ల్యాబు ఉందిగా, గదిలో ల్యాబు ఎందుకు?" అనే మాట మాత్రం ఎవ్వరూ అనకూడదని ప్రార్థన. తాళం వేసిన గది నుంచి వచ్చినదాన్ని నేను. తాళం వేయడానికి ఇంకో సాకు దొరకకూడదు.

పూర్వ విద్యార్థులకు మరొకటి. ఫెట్ బొమ్మల్లోని మాటలను ఇతర భాషల్లోకి మార్చడానికి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళకు వారు అవకాశం ఇస్తున్నారు. విదేశాల్లో స్థిరపడిన మన అన్నయ్యలు, అక్కయ్యలు సెలవు రోజు ఒక గంట కేటాయించి, ఒక్కొక్క బొమ్మలోని మాటలను మంచి తెలుగులో సరిచూసి పెడితే, మా ఊరి హైస్కూలు పిల్లలు గాఢత అంటే ఏమిటో రికార్డులో దింపకుండా కళ్ళతో చూస్తారు.

కొలజాడీ ఇప్పుడు మోటారు షెడ్డులో మేకుకు తగిలించి ఉంది. తొడుగులు వేసుకుంటే ఉక్కపోస్తుందని నాన్న గొణుగుతాడు గాని వేసుకుంటున్నాడని అమ్మ చెప్పింది. మొన్న ఫోను చేసి, "పావు ట్యాంకు మిగిలింది. నాలుగు లీటర్లు. పన్నెండు పోస్తన్నా. మందు ఇరవై నాలుగు. కరెక్టేనా?" అన్నాడు.

నేను ఈసారి తొందరపడలేదు. కాగితం మీద వేసి చూసుకుని, "కరెక్టే నాన్నా. గాలి ఎటుందో చూసుకున్నావా?" అన్నాను.