మా కలల యిల్లు

మాకు వివాహమై యేడు మాసములైనది. రాజమహేంద్రవరమున రెండుగదుల యద్దెయింట మా కాపురము. ఉదయమున వంట ముగించి యిరువురమును కొలువులకుఁ బోవుదుము. రాత్రి భోజనానంతరము కాగితముపై మా సొంతయింటిని గీయుదుము.

గోదావరి సీమలోని మండువా లోగిలి మాకుఁ బ్రియము. నడుమ ఆకాశమునకుఁ దెఱచియున్న మండువానుండి గాలియు వెలుతురును గదులకు వచ్చును. కట్టెలపొయ్యి పొగలోఁ బ్రాయము గడపిన మా యత్తగారు వంటయింటికిఁ బెద్దకిటికీ కోరిరి. దానినే మొదట గీసితిమి.

పిమ్మట దస్తావేజు మాట వచ్చినది. బంధువులు కొందఱు పురుషుని పేరు చాలుననిరి. జీలకఱ్ఱబెల్లము, తలంబ్రాల సందడి మాకింకను కన్నులఁ గట్టినట్లున్నది. నాఁడు ఏడడుగులు కలసి నడచితిమి. 1955 నాఁటి హిందూ వివాహచట్టము ననుసరించి సప్తపది గల వివాహము ఏడవ యడుగుతోఁ బూర్తియగును. అయినను ఆ యడుగులవలన భర్త పేరనున్న యిల్లు భార్యదికూడఁ గాదు. హిందువుల యుమ్మడి యాస్తిలోఁ గుమార్తెకుఁ గుమారునితో సమానహక్కు, ఆంధ్రప్రదేశమున 1985 లో అవివాహితలకును, 2005 లో దేశమునఁ గుమార్తెలందఱకును, చట్టమున వ్రాయఁబడిన పిమ్మటనే గదా వచ్చినది!

అప్పుడు మా యత్తగారే, "ఇద్దరి పేర్లూ రాయించుకోండి. నలభై యేళ్లు నేను అలికిన ఇంటి కాగితాల్లో నా పేరెక్కడా లేదు" అనిరి. ఆ మాటకు బంధువులు మాఱుపలుకలేదు.

క్రొత్తకాపురమువారు గదుల లెక్కతోపాటు పేరుల లెక్కయుఁ జూచుకొనుట మేలు.