గండకీనదీ తీరమున

మన యిండ్లలో దేవతార్చన పెట్టెయందు సాలగ్రామ ముండుట సోదరీమణు లెరిగినదే. నిత్యము అభిషేకముచేసి తులసీదళ ముంచెడి ఆ నల్లని శిల పుట్టినచోటు చూడవలెనని మేము నేపాళమునకు బోయితిమి. పోఖరానుండి జోమ్‌సోమ్ చేరు కొండదారి చాలవరకు కాళీగండకీ లోయ వెంటనే సాగును. ఒకవైపున 8,167 మీటర్ల ధవళగిరి, వేరొకవైపున 8,091 మీటర్ల అన్నపూర్ణ, నడుమ నది. మధ్యాహ్నమైనచో కొంగు నిలువనీయని గాలి వీచును. జోమ్‌సోమ్‌కు ఎగువనున్న కాగ్‌బేనీ గ్రామమువద్ద నది వెడల్పయిన రాతినేలపై పాయలు పాయలుగా పారుచుండును. సాలగ్రామములు దొరకునది ఆ రాళ్లలోనే.

అచ్చట పగిలిన రాతి నొకదానిని చేతబట్టి చూచితిమి. లోపల మెలిదిరిగిన చక్రము, దానిపై దువ్వెన పండ్లవంటి గీతలు స్పష్టముగా నుండెను. అది యొక సముద్రప్రాణి గుల్ల యొక్క యచ్చు. సుమారు 15 కోట్ల సంవత్సరముల క్రిందట అట్టి ప్రాణులు చనిపోయి, కడలియడుగు బురదలో గప్పబడి, ఆ బురదతోపాటు శిలలైనవి. ఆ జాతి నేడు భూమిపై లేదు.

సముద్ర మెక్కడ, ఈ కొండ లెక్కడ? భూమి పైపెంకు ఒకే ముక్క గాదు. పెద్దవియు చిన్నవియునగు ఫలకములుగా నున్నది. అవి మిగుల మెల్లగా కదలుచుండును. ఖండములు కదలునని 1912లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ వెగెనర్ చెప్పినప్పుడు పలువురు నమ్మరైరి. సముద్రగర్భములను పరిశోధించిన పిమ్మట 1960వ దశకమున శాస్త్రలోక మొప్పుకొనెను. మన దేశమును మోయు ఫలకము ఒకప్పుడు దక్షిణార్ధగోళమున ఆఫ్రికా, అంటార్కిటికాల సరసనుండి, విడివడి ఉత్తరమునకు సాగెను. ఆసియాకును దానికిని నడుమ టెథిస్ అను సముద్ర ముండెను. సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట రెండు భూభాగములును ఢీకొనెను. రెండును తేలికరాతివే యగుటచే ఏదియు పూర్తిగా లోనికి దిగజాలక, గోడకు నెట్టిన చాప మడతలు పడినట్లు, కడలియడుగుతో గూడ పైకి లేచినవి. ఎవరెస్టు శిఖరాగ్రమునను సముద్రపు సున్నపురాయియే యున్నది. గండకి ఆ పొరలను కోసి సాలగ్రామములను దొరలించుకొని వచ్చుచున్నది.

12,000 అడుగులకు మించిన యెత్తుననున్న ముక్తినాథమున 108 ధారలక్రింద స్నానముచేసి వచ్చి కూర్చున్నప్పుడు, మాతోడి వృద్ధురా లొకరు "గుల్ల యని తెలిసినపిదప పూజ యెట్లమ్మా?" యని యడిగిరి. "ఈ కొండలకంటె ముందు పుట్టి, సముద్రము పోయినను చెదరని గుర్తు గదా, పిన్నిగారూ!" యంటిమి. ఆమె కొంతసే పూరకుండి, "అయితే మరింత జాగ్రత్తగా తుడువవలె" ననిరి.

ఆ ఫలకము నేటికిని నిలువలేదు. ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుచునే యున్నది. ఆ త్రోపుడు రాతిలో కూడి కూడి యొకనాడు విడివడుటయే భూకంపము. 2015 ఏప్రిల్ 25న నేపాళమున 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపమున దాదాపు 9,000 మంది మరణించిరి. మట్టితో పేర్చిన రాతియిండ్లు లక్షలుగా కూలెను. అది శనివారమై బడులకు సెలవగుటచే ఎందరో బిడ్డలు దక్కిరి. పిమ్మట కట్టిన రాతిగోడలకు, విడిపోకుండుటకై, కొయ్యతోగాని కాంక్రీటుతోగాని అడ్డపట్టీలు చుట్టుచున్నారు.

కొండల నెత్తినదియు, ఇండ్లు కూల్చినదియు ఆ కదలికయే. దాని నాపుట మనచేత గాదు. భూకంపములు వచ్చు తావుల ఇల్లు కట్టునప్పుడు మాత్రము, ఆ పట్టీల మాట ఇల్లాలే మొదట నడుగవలెను.