నాయనమ్మ చేట, చిట్టెలుక మెదడు

పిల్లలూ! నా చిన్నతనంలో, మా కనకమామిడిలో, నాయనమ్మ కందిపప్పు చేటలో పోసి, "కేసరిపప్పు కలిసిందేమో చూడరా, అది తింటే కాళ్లు పడిపోతాయి" అనేది.

నిజమే. నెలల తరబడి అదే ముఖ్యాహారమైతే ఆ జబ్బు వస్తుంది. కాని ఆడవాళ్లకంటే మగవాళ్లకే ఎక్కువ! ఎందుకని?

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారూ, సహచరులూ చిట్టెలుకలలో పరీక్షించారు. ఆ పప్పులోని విషం మగ ఎలుకల మెదడు కణాలలో శక్తి తయారీని దెబ్బతీసింది. ఆడ ఎలుకలను గ్లూటారెడాక్సిన్ అనే ప్రోటీను కాపాడింది. ఈస్ట్రోజెన్ అనే హార్మోను పనిని అడ్డగిస్తే, ఆ ప్రోటీను తగ్గి, ఆడ ఎలుకలకూ రక్షణ పోయిందని 2006లో తెలిపారు.

చాలాకాలం శాస్త్రజ్ఞులు ఎక్కువగా మగ ఎలుకలనే పరీక్షించేవారు. అలాగైతే ఈ గుట్టు తెలిసేదా? మందు అన్నకూ, చెల్లెలికీ కూడా పనిచేయాలి కదూ!