పిలుపు లేకుండా విశ్వవిద్యాలయానికి

పెళ్ళినాడు ఏ ఇల్లయినా అందంగానే ఉంటుంది. గుమ్మానికి మామిడి తోరణాలు, వాకిట్లో ముగ్గులు, ఇంటినిండా సందడి. ఆ ఇంటివాళ్ళు రోజూ ఎలా ఉంటారో తెలియాలంటే మాత్రం మామూలు రోజున వెళ్ళాలి.

విశ్వవిద్యాలయాల సంగతీ అంతే. కొన్ని విశ్వవిద్యాలయాలు ఎప్పుడైనా ఒక రోజు అందరినీ పిలిచి, తమ ప్రయోగశాలలు చూపిస్తాయి. అలాంటి రోజు లేకపోయినా, ఉండి మీకు వీలుపడకపోయినా విచారించకండి. మామూలు రోజునే వెళ్ళి చూడవచ్చు. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని అలా చూసివద్దాం, రండి.

ముందుగా రోజు ఎంచుకోవాలి. సెలవుల్లో వెళితే భవనాలు కనిపిస్తాయి గాని చదువు కనిపించదు. పరీక్షల రోజుల్లో ఎవరికీ తీరిక ఉండదు. అవి రెండూ కాని రోజున, ఉదయం పది గంటల వేళకు అక్కడ ఉండండి. సికింద్రాబాదు నుంచి కాచిగూడ వెళ్ళే రైలు దారిలో "ఆర్ట్సు కాలేజి" అనే పేరుతో ఒక స్టేషనే ఉన్నది.

ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకోండి. బడివాళ్ళిచ్చిన గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోండి. గేటు దగ్గర కాపలా మనిషి అడిగితే తడబడకుండా, "ఫలానా ఊరి నుంచి వచ్చామండీ, ముందు ముందు ఇక్కడ చదవాలని ఉంది, చూసి వెళతాం" అని చెప్పండి. ఆ రోజు వీలుకాదంటే వాదించకండి. మళ్ళీ ఎప్పుడు రావచ్చునో కనుక్కోండి. పదిమంది కలిసి వెళ్ళదలిస్తే, హెడ్మాస్టరుగారి చేత ప్రిన్సిపాలుగారికి ముందే ఉత్తరం రాయించాలి.

లోపలికి వెళ్ళాక మొదట చూడవలసింది ఆర్ట్సు కాలేజి. గులాబి ఛాయ గల గ్రానైటు రాతితో కట్టిన ఆ భవనానికి ఒక చక్కని కథ ఉన్నది.

ఈ విశ్వవిద్యాలయాన్ని 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ స్థాపించాడు. 1919లో తరగతులు మొదలైనప్పుడు దానికి సొంత భవనాలు లేవు. నగరంలో అద్దె ఇళ్ళలోనే పాఠాలు చెప్పేవారు. సొంత భవనాలు కట్టదలచినప్పుడు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని విదేశాలకు పంపారు. వాళ్ళ పని ఏమిటో తెలుసా? దేశదేశాల విశ్వవిద్యాలయాలను చూసి రావడమే! తరువాత ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం వాస్తుశిల్పి నమూనాలు తయారుచేశాడు. 1934లో ఆర్ట్సు కాలేజికి పునాదిరాయి వేశారు. 1939లో భవనం ప్రారంభమయింది. అంత పెద్ద విద్యాలయం కట్టినవాళ్ళే ముందు వెళ్ళి చూసి వచ్చారు. మరి అందులో చదవబోయే మీరు చూసిరావడానికి మొగమాటపడవలసిన పని ఏమున్నది?

భవనం చూశాక మనుషులను చూడండి. పాఠం జరుగుతున్న గదిలోకి తొంగిచూడకూడదు. ప్రయోగశాలలోకి అనుమతి లేనిదే అడుగుపెట్టకూడదు. కాని చెట్టుకింద కూర్చున్న విద్యార్థులతోనూ, క్యాంటీనులో టీ తాగుతున్న వాళ్ళతోనూ మాట్లాడవచ్చు. "ఈ చదువు మంచిదేనా?" అని అడిగితే, "మంచిదే" అని ఊరుకుంటారు. "మీది ఏ ఊరు? బడిలో ఏ భాషలో చదివారు? ఇక్కడి పాఠాలు అర్థం కావడానికి ఎన్నాళ్ళు పట్టింది? హాస్టలులో చోటు ఎలా దొరికింది?" అని అడగండి. అప్పుడు అసలు సంగతులు బయటికి వస్తాయి.

భాష గురించి తప్పకుండా అడగండి. తెలుగులో చదువుకున్న పిల్లలు చాలామంది ఇంగ్లీషు పాఠాలంటే భయపడతారు. ఈ విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు ఇక్కడ చదువు ఉర్దూలో సాగేది. శాస్త్రాలకు ఉర్దూ పుస్తకాలు చాలవని, వాటిని తయారుచేయడానికి "దారుల్ తర్జుమా" అనే అనువాద సంస్థనే పెట్టారు. భాష అడ్డమైన చోట పెద్దవాళ్ళు కూడా ఇలా దారి వెతుక్కోవలసి వచ్చింది. మీకంటే ముందు వచ్చిన అన్నలూ అక్కలూ ఏ దారి వెతుక్కున్నారో వాళ్ళ నోటనే వినండి.

వచ్చేముందు నోటీసు బోర్డులు చదవండి. ఫీజులు, హాస్టళ్ళు, విద్యార్థి వేతనాలు, దరఖాస్తుల గడువులు ఏమైనా కనిపిస్తే నోటుపుస్తకంలో రాసుకోండి. అవి మారుతూ ఉంటాయి గనుక, చేరబోయే ఏడు మళ్ళీ కనుక్కోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. మన వంశంలో ఎవరూ ఆ గడప తొక్కలేదని, అక్కడ మనకేం పని అని వెనుకాడకండి. డబ్బు కట్టే ముందు ఎద్దునైనా, పొలాన్నైనా కళ్ళారా చూస్తాం గదా! పిల్లల నాలుగేళ్ళ జీవితం అంతకంటే తక్కువది కాదు. ఒక పూట తీరిక చేసుకుని వాళ్ళ వెంట వెళ్ళండి. ఎవరూ ఎరగని చోటు అంటే ఎవరికైనా భయమే. ఒకసారి దాని మెట్లెక్కి, అక్కడి నీళ్ళు తాగి వచ్చిన పిల్లవాడికి మాత్రం అది తెలిసిన చోటే అవుతుంది.