ఒకే మీట గెలుపు

ఆటలలో గెలుపోటములు సహజమని పెద్దలు చెప్పగా విన్నాము. కాని ఏది గెలుపు, ఏది గెలుపు కాదు అని తీర్పు చెప్పే అధికారం ఎవరిది అన్న ప్రశ్న గత విద్యాసంవత్సరం వరకు మాకు తట్టలేదు. ఆ ప్రశ్న వసతిగృహంలోని ఒక పాత కంప్యూటరు ముందు పుట్టింది. దానికి జవాబు అరకులోయలోని ఒక పెళ్ళివాకిట దొరికింది. ఆ వృత్తాంతాన్ని సోదర విద్యార్థులకూ, కళాశాల కమిటీ పెద్దలకూ విన్నవించుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా గదిలో మేము అయిదుగురం. ఇద్దరు ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారు. ముగ్గురు కోస్తా పల్లెలకు చెందిన తెలుగువారు. చదువు ముగిసిన రాత్రివేళ మా కాలక్షేపం 'డ్రాగన్ బాల్ ఫైటర్ జెడ్' అనే వీడియో క్రీడ. జపాను చిత్రకారుడు అకిరా తోరియామా 1984లో ఒక వారపత్రికలో ఆరంభించి 1995 వరకు నడిపిన బొమ్మల కథ దీనికి మూలం. చైనీయుల పురాతన కథలోని వానరవీరుని పోలికలతో పుట్టిన గోకూ అనే బాలుడు అందులో నాయకుడు. ఆ కథ టెలివిజన్ చిత్రమై దేశదేశాలు తిరిగింది. 2018 జనవరిలో ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వారు తయారుచేయగా, బందాయ్ నామ్కో వారు ఈ పోరాట క్రీడను విడుదల చేశారు. ఆ సంవత్సరమే అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగిన ఈవో పోటీలలో సోనిక్‌ఫాక్స్ అనే అమెరికా క్రీడాకారుడు ఇందులో విజేత అయ్యాడు. తోరియామా 2024 మార్చి 1న కన్నుమూసినాడని తెలిసిన రాత్రి మా గదిలో ఎవరమూ ఆడలేదు.

ఈ క్రీడను గురించి మా అయిదుగురికీ అయిదు అభిప్రాయాలు. చిత్రలేఖనం మీద మక్కువ గల మిత్రుడు దాని బొమ్మను చూసి ముగ్ధుడయ్యేవాడు. కంప్యూటరులో ముమ్మూర్తులా మలచిన ఆకారాలే అయినా, వాటి కదలికను కావాలనే ఆపి ఆపి చూపడంవలన చేత్తో గీసిన బొమ్మలే కదలుతున్న భ్రాంతి కలుగుతుందని అతని వాదం. రెండవవాడు ఒప్పుకొనేవాడు కాదు. ఒకసారి ప్రత్యర్థి చేతికి చిక్కితే, ఆ దెబ్బల గొలుసు ముగిసేవరకు చేతులు ముడుచుకొని చూస్తూ కూర్చోవడమేనా ఆట అనేవాడు. మూడవవాని బాధ డబ్బుది. మొదట ఇచ్చిన యోధులు 24 మంది; తరువాత వచ్చినవారిని విడిగా కొనుక్కోవాలి. అందరూ కలిసి నలభై దాటారు. డబ్బున్నవాని జట్టు వేరు, లేనివాని జట్టు వేరు అయినప్పుడు సమానత్వం ఎక్కడిదని అతని ప్రశ్న. నాలుగవవాడు దూరాననున్న వారితో అంతర్జాలంలో ఆడేటప్పుడు మీట నొక్కిన కాసేపటికిగాని చేయి లేవదని విసుక్కొనేవాడు. అవతలివాని కదలికను ముందుగా ఊహించి చూపి, ఊహ తప్పితే వెంటనే వెనుకకు మళ్ళి దిద్దుకొనే పద్ధతిని ఈ క్రీడకు 2024లో జతపరిచారు. ఒకే కంప్యూటరు ముందు భుజాలు రాసుకుంటూ ఆడే మాకు ఆ చిక్కు లేదు.

అయిదవవాడు మాలో అందరికంటె నేర్పరి. అతడు సహించలేనిది ఒక్కటే: తేలిక దెబ్బల మీట. ఈ క్రీడలో ఆ ఒక్క మీటను వరుసగా నొక్కితే చాలు. తక్కిన దెబ్బలను క్రీడే కూర్చిపెడుతుంది. వాటి తాకిడి తక్కువే, కాని కొత్తవాడు సైతం కాసేపు నిలువగలడు. నెలల తరబడి వేళ్ళు అరగదీసుకొని నేర్చిన విద్యకూ, ఒకే మీటకూ పోలిక ఏమిటని అతని ఆవేదన. మేమందరమూ తల ఊపేవారము.

అటువంటి గదికి మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు వచ్చాడు. అరకు సమీపంలోని గిరిజన గ్రామం అతనిది. ఇంట ఆదివాసీ ఒడియా, బడిలో తెలుగు. ఇంగ్లీషు ఇంకా అలవడుతున్నది. క్రీడలోని సూచనలన్నీ ఇంగ్లీషులోనే. అతడు వాటిని చదివే శ్రమ పెట్టుకోలేదు. తేలిక దెబ్బల మీటను కనిపెట్టి, ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు కాచుకోవాలో నాలుగు రాత్రులు చూసి గ్రహించాడు. అయిదవ రాత్రి మా నేర్పరిని ఓడించాడు.

గదిలో చప్పట్లు లేవు. "మియా, యే భీ కోయీ జీత్ హై?" అన్నాడు నేర్పరి. ఇదీ ఒక గెలుపేనా అని తెలుగులో మరొకడు అందుకున్నాడు. ఒకే మీట వీరుడు అని ఇంకొకడు బిరుదు ఇచ్చాడు. మేమందరమూ నవ్వాము. అతడూ నవ్వబోయి, నవ్వు రాక, చేతిలోని కంట్రోలరును మెల్లగా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. తరువాత మూడు వారాలు మా గదివైపు రాలేదు. భోజనశాలలో కూడా దూరపు బల్ల వద్ద కూర్చునేవాడు. ఒకరు వెళ్ళి పిలుద్దామని అనుకున్నాము. ఎవరమూ వెళ్ళలేదు.

ఏప్రిల్ నెలలో అతడే వచ్చాడు. "అన్నా, మా అక్క పెళ్ళి. మీరందరూ రావాలి" అన్నాడు. మేము తలలు వంచుకొని వస్తామన్నాము.

విశాఖపట్నం నుండి కిరందుల్ వెళ్ళే పాసింజరు బండి ఎక్కాము. శృంగవరపుకోట దాటగానే కొండ ఎక్కుడు మొదలు. కొత్తవలస నుండి కిరందుల్ వరకు ఈ మార్గంలో 58 సొరంగాలు ఉన్నాయి. బండి చీకటిలోకి దూరినప్పుడల్లా పెట్టెలోని పిల్లలతోపాటు మేమూ కేకలు వేశాము. బొర్రా గుహల స్టేషను వద్ద మా బండిని ఆపి, ఎదురుగా ముడి ఇనుము నింపుకొని వస్తున్న గూడ్సుకు దారి ఇచ్చారు. అప్పుడు మా పక్కన కూర్చున్న ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి చెప్పిన సంగతి మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. బైలదిల్లా కొండల ఇనుమును విశాఖ రేవుద్వారా జపానుకు పంపే ఒప్పందం మీదనే 1960 దశకంలో ఈ మార్గాన్ని నిర్మించారట. మా మిత్రుని ఊరి పక్కగా జపానుకు ఇనుము పోయింది. జపాను నుండి మా గదికి బొమ్మల యోధులు వచ్చారు. ఆ ఇనుము పోయే దారిలో పుట్టినవానిని ఆ బొమ్మల ఆటకు పనికిరావన్నది మేము!

పెళ్ళింట మమ్మల్ని అల్లుళ్ళవలె చూశారు. సాయంకాలం మోరి ఊదారు, తుడుము, డప్పు మోగాయి. థింసా మొదలయింది. ఒకరి నడుము వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకొని, వరుస అంతా ఒకే ప్రాణిలాగా ముందుకు వంగి, వెనుకకు మళ్ళి, పామువలె తిరుగుతున్నది. మమ్మల్నీ రమ్మన్నారు. తీసుకొనిపోయి చిన్నపిల్లల నడుమ నిలబెట్టారు. పదేళ్ళ పిల్లవాడు ఒకవైపు, ఎనిమిదేళ్ళవాడు ఒకవైపు మా నడుములు పట్టుకున్నారు. మా నేర్పరి మొదటి మలుపులోనే అడుగు తప్పాడు. నేలవైపు చూస్తూ లెక్క పెట్టుకోబోయి మళ్ళీ తప్పాడు. ఒక ముసలమ్మ ఏదో అన్నది. మా మిత్రుడు తెలుగులో చెప్పాడు: "కాళ్ళు చూసుకోవద్దంటోంది అన్నా. పక్కవాడు కదిలినప్పుడు కదలమంటోంది."

అలాగే చేశాము. అడుగులు మావి కావు. పిల్లల చేతులు మమ్మల్ని మోసుకొని పోతున్నాయి. అయినా గంటసేపటికి ఒకటి రెండు అడుగులు మావే అయ్యాయి. మీరు ఆడినది థింసాయేనా అని ఎవరూ అడగలేదు. నవ్వారు, నిజమే, కాని చేయి వదలలేదు. ఆ రాత్రి చాపలమీద పడుకున్నాక మా నేర్పరి చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఆ పిల్లల చేతులే ఆ మీట" అన్నాడు. మాకు వివరం అక్కరలేకపోయింది.

తెల్లవారి అతడే వెళ్ళి మిత్రుని క్షమాపణ కోరాడు. మేమూ కోరాము. "పోనీ అన్నా" అని అతడు కాఫీ తెచ్చి ఇచ్చాడు.

వసతిగృహానికి తిరిగి వచ్చాక మళ్ళీ ఇద్దరూ ఆటకు కూర్చున్నారు. ఈ క్రీడలో దెబ్బల గొలుసులు ఆడేకొద్దీ డ్రాగన్ గోళాలు ఒక్కొక్కటిగా చేరుతాయి. ఇరువురి దెబ్బలూ ఒకే లెక్కకు వస్తాయి. ఏడూ చేరిన తరువాత, ఏడు మెట్ల శక్తిని నిలువచేసుకున్నవాడు తేలిక దెబ్బల వరుసను పూర్తిచేస్తే, షెన్‌రాన్ అనే మహానాగం ఆకాశంలో ప్రత్యక్షమై వరమిస్తుంది. శక్తిని ఎప్పటికప్పుడు గొప్ప దెబ్బలకు ఖర్చుచేసే మాకు అది ఏనాడూ కనబడలేదు. పొదుపరి అయిన మా మిత్రునికి ఆ రాత్రి కనబడింది. మేము ఎగతాళి చేసిన ఆ మీటే దానిని పిలిచింది. వరాలలో అతడు పడిపోయిన సహచరుని బ్రతికించమన్నదే కోరుకున్నాడు.

అయినా ఆ పందెం అతడు ఓడిపోయాడు. వెంట్రుకవాసిలో ఓడాడు. గదిలో చప్పట్లు మాత్రం ఇద్దరికీ మోగాయి. "మళ్ళీ ఆడదామా, భాయ్?" అన్నాడు నేర్పరి. "ఆడదాం. ఈసారి రెండో మీట కూడా నేర్పండి అన్నా" అన్నాడతడు.

కమిటీ పెద్దలకు మాదొక విన్నపం. వార్షిక క్రీడలలోనూ, వక్తృత్వ పోటీలలోనూ మొదటిసారి పాల్గొనేవారిని ఆరితేరినవారితో కలిపి నిలబెట్టి, ఓడినవారిని ఇంటికి పంపడం మన ఆచారం. వారికై వేరుగా ఒక అంచె ఏర్పరచి, పై తరగతివాడొకడు వెంట నిలిచి నేర్పే వీలు కల్పించగోరుతున్నాము. ఆ నేర్పే పనికి మేము అయిదుగురమూ సిద్ధంగా ఉన్నాము. ఆరవవాడు కూడా పేరు ఇచ్చాడు.